ప్యానెల్ ఎక్కడ ఆగుతోంది?

(ప్రీకాస్ట్ ఇళ్ల ఫ్యాక్టరీల్లో సిమ్యులేషన్ వాడకంపై హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ విద్యార్థులకు, ప్లాంట్ సూపర్‌వైజర్లకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మాట్లాడే ముందు చిన్న ఆట ఆడదాం. ముందు వరసలోంచి ఆరుగురు పైకి రండి. జేబులో ఒక రూపాయి బిళ్ల ఉంటే తెచ్చుకోండి. లేదా? అందరూ ఫోన్ చూపిస్తున్నారు. (నవ్వులు) ఇలా అవుతుందనే నేనే ఆరు బిళ్లలు తెచ్చాను.

ఇప్పుడు మీ ఆరుగురూ కలిసి ఒక ఫ్యాక్టరీ. ఇళ్లకు గోడలు తయారు చేసే ఫ్యాక్టరీ. ఈ అమ్మాయి ఇనుప టేబుల్‌ని శుభ్రం చేసి ఆయిల్ పూస్తుంది. పక్కనున్న అబ్బాయి గోడ కొలతకు షట్టరింగ్, అంటే కాంక్రీట్ పోసే అచ్చు, బిగిస్తాడు. మూడో ఆయన స్టీల్ జాలీ దించుతాడు. నాలుగో అమ్మాయి కరెంటు పైపులు, స్విచ్ బాక్సులు, గోడను ఎత్తడానికి హుక్కులు పెడుతుంది. ఐదో ఆయన టేపు పట్టుకుని కొలతలు సరిచూస్తాడు. ఆరో ఆయన కాంక్రీట్ పోస్తాడు. టేబుల్ పట్టాల మీద జరుగుతూ ఒకరి దగ్గరి నుంచి ఇంకొకరి దగ్గరికి వెళ్తుంది. మధ్యలో ఖాళీ జాగా లేదు. అంటే ఆరుగురి పనీ అయ్యాకే ఆరు టేబుళ్లూ ఒక్కసారిగా కదులుతాయి, రైలు పెట్టెల్లాగా.

అందరూ బిళ్ల ఎగరేయండి. బొమ్మ పడితే మీ పని 10 నిమిషాల్లో అయిపోయినట్టు. బొరుసు పడితే 20 నిమిషాలు పట్టినట్టు. ఒక్కొక్కరి సగటు ఎంత? 15. అందరూ ఒప్పుకున్నారు కదా. మరి లైన్ సగటున ఎన్ని నిమిషాలకోసారి కదులుతుంది? వెనక నుంచి కూడా 15 అనే వినపడుతోంది. సరే, కానివ్వండి.

(ఆరుగురూ పదిసార్లు నాణేలు ఎగరేశారు.)

పదిసార్లూ ఎవరో ఒకరికి బొరుసు పడింది. అంటే పదిసార్లూ లైన్ 20 నిమిషాలు ఆగింది. 150 నిమిషాల్లో అవుతుందనుకున్న పనికి 200 నిమిషాలు పట్టాయి. ఇందులో మన దురదృష్టం ఏమీ లేదు. ఆరుగురికీ ఒకేసారి బొమ్మ పడే అవకాశం 64లో ఒక్కటి. లెక్క కడితే సగటు 19.84 నిమిషాలు వస్తుంది. గంటకు నాలుగు గోడలు అనుకున్న చోట మూడే వస్తాయి.

ఇందులో ఎవరి తప్పు ఉందో చెప్పండి. ఎవరూ బద్ధకించలేదు. మేనేజర్ స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక్కొక్కరి పక్కన రోజంతా నిలబడ్డా సగటు 15 అనే రాసుకుంటాడు. ఆరు కాగితాలూ నిజమే. అయినా సాయంత్రానికి పావు వంతు గోడలు తక్కువ. మర్నాడు మీటింగ్‌లో "నీ వల్లే", "నీ వల్లే" అని గొడవ మొదలవుతుంది. థాంక్యూ, కూర్చోండి. బిళ్లలు మీరే ఉంచుకోండి.

సిమ్యులేషన్ అంటే మనం ఇప్పుడు చేసిందే. మనకు బదులు కంప్యూటర్ నాణెం ఎగరేస్తుంది. పదిసార్లతో ఆపకుండా లక్షసార్లు ఎగరేస్తుంది. పుస్తకాల్లో దీన్ని "అనుకరణ" అంటారు. ప్లాంట్‌లో ఆ మాట అంటే మిమిక్రీ అనుకుంటారు కాబట్టి నేను సిమ్యులేషన్ అనే అంటాను.

ప్రీకాస్ట్ ఇల్లు అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. మామూలు అపార్ట్‌మెంట్‌లో గోడలైనా స్లాబైనా సైట్‌లోనే పుడతాయి. మైవాన్ షట్టరింగ్, అంటే అల్యూమినియం అచ్చులు, వాడినా కాంక్రీట్ పోసేది అక్కడే. ప్రీకాస్ట్‌లో గోడ (ప్లాంట్‌లో దీన్నే ప్యానెల్ అంటారు), స్లాబు, మెట్లు, ఒక్కోసారి బాత్‌రూమ్ మొత్తం, ఫ్యాక్టరీలో పోసి, గట్టిపడ్డాక ట్రైలర్ మీద తెచ్చి, క్రేన్‌తో దించి అతుకుతారు. కేంద్ర ప్రభుత్వం 2021 జనవరి 1న ఆరు నగరాల్లో లైట్ హౌస్ ప్రాజెక్టులకు, అంటే కొత్త పద్ధతుల్లో ఇళ్లు కట్టి చూపించే ప్రాజెక్టులకు, శంకుస్థాపన చేసింది, గుర్తుందా? ఒక్కో నగరంలో ఒక్కో పద్ధతి. మనకు దగ్గరలో ఉన్నది చెన్నై పెరుంబాక్కంలో కట్టింది. 1,152 ఇళ్లు, ప్రీకాస్ట్ భాగాలతోనే. 2022 మే 26న ప్రారంభించారు. రాంచీలో ఇంకో అడుగు ముందుకేసి గదులకు గదులనే పెట్టెల్లా పోసి పేర్చారు. అటు వెళ్లే పని పడితే చూసి రండి.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. దేశ విభజన తర్వాత ఢిల్లీకి చేరిన శరణార్థులకు ఇళ్లు కావాలని 1948లోనే ప్రభుత్వం ఒక హౌసింగ్ ఫ్యాక్టరీ పెట్టింది. తర్వాత అదే హిందుస్థాన్ ప్రీఫ్యాబ్ అయింది. అంతకంటే నాకు ఎక్కువ ఇష్టమైన కథ అమెరికాలోది. ఇష్టం అంటే, పాఠం చెప్పడానికి పనికొచ్చే కథ అని. రెండో ప్రపంచయుద్ధం ముగిసి సైనికులు ఇళ్లకు తిరిగి వచ్చారు, ఉండడానికి ఇళ్లు లేవు. కార్ల్ స్ట్రాండ్‌లండ్ అనే ఆయన ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో, యుద్ధకాలంలో విమానాలు చేసిన ఫ్యాక్టరీలో, లస్ట్రాన్ అనే కంపెనీ పెట్టాడు. ఎనామెల్ పూసిన ఉక్కు రేకులతో ఇల్లు. మన ఇళ్లలో ఉండే ఎనామెల్ గిన్నె లాంటి ఇల్లు అనుకోండి. తుప్పు పట్టదు, రంగు వేయనక్కర్లేదు. ప్రభుత్వం 3.7 కోట్ల డాలర్ల పైచిలుకు అప్పు ఇచ్చింది, ఆనాటి డాలర్లు! రోజుకు వంద ఇళ్లు తీస్తామన్నారు. 1950లో మూతపడేనాటికి మొత్తం కలిపి సుమారు 2,500 ఇళ్లు.

యంత్రాలు పాడయ్యాయా అంటే కాదు. ఫ్యాక్టరీ బయట ఇల్లు ఆగిపోయింది. కొనేవాడికి బ్యాంకు అప్పు దొరకాలి, స్థలం సిద్ధంగా ఉండాలి, పునాది పడాలి, ఊరి మున్సిపాలిటీ ఉక్కు ఇంటికి ఒప్పుకోవాలి. ఇందులో ఏ ఒక్కటి ఆగినా రేకులు గోడౌన్‌లోనే. అంత పెద్ద ఫ్యాక్టరీ బతకాలంటే రోజూ పెద్ద సంఖ్యలో ఇళ్లు బయటికి పోవాలి. పోలేదు. మన ఆటలో ఫ్యాక్టరీ ఆరో మనిషితో ముగిసింది. అసలు జీవితంలో ఏడో మనిషి సైట్‌లో ఉంటాడు, ఎనిమిదో మనిషి బ్యాంకులో ఉంటాడు. వాళ్ల దగ్గరా నాణెం ఉంటుంది.

జపాన్‌వాళ్లు ఈ విషయంలో నెగ్గుకొచ్చారు. సెకిసుయి కెమికల్, టొయోటా లాంటి కంపెనీలు 1970లలో ఫ్యాక్టరీ ఇళ్లలోకి దిగి ఇప్పటికీ నడుపుతున్నాయి. దాని గురించి చెబితే ఈ పూట చాలదు.

ఇప్పుడు ఫ్యాక్టరీ లోపలికి వెళదాం. ప్రీకాస్ట్ ప్లాంట్‌లో ఒక విచిత్రం ఉంటుంది. మనుషులు చేసే పనులన్నీ నిమిషాల్లో అయిపోతాయి. క్యూరింగ్ మాత్రం గంటలు పడుతుంది. కాంక్రీట్ పోశాక ఆవిరి గదిలో ఎనిమిది, పది గంటలు ఉంచితే గానీ గోడను ఎత్తేంత బలం రాదు. వేడి ఇంకా పెంచితే త్వరగా అవుతుంది కదా అని ప్రతి బ్యాచ్‌లో ఒక విద్యార్థి అడుగుతాడు. కాంక్రీట్ లోపల 70 డిగ్రీలు దాటితే ఎట్రింజైట్ అనే పదార్థం ఆలస్యంగా, గట్టిపడిన కాంక్రీట్‌లో ఏర్పడి ఏళ్ల తర్వాత పగుళ్లు తెచ్చే ప్రమాదం ఉంది. ఇల్లు అప్పగించి అందరూ మర్చిపోయాక గోడ గుర్తుచేస్తుంది. అందుకని క్యూరింగ్ జోలికి పోకుండా మిగతాది ఆలోచించాలి.

క్యూరింగ్‌లో రెండు రకాలు. ఒకటి పంక్తి భోజనం, రెండోది బఫే. పాతకాలం పద్ధతిలో పది టేబుళ్లు నిండేదాకా ఆగి, అన్నిటి మీదా టార్పాలిన్ కప్పి, ఆవిరి వదులుతారు. పంక్తి అంతా కూర్చుంటేనే వడ్డన మొదలవుతుంది. అందరూ తింటేనే లేవాలి, లేస్తేనే తర్వాతి పంక్తి. మధ్యాహ్నం రెండింటికి పోసిన గోడ కూడా సాయంత్రం ఆరింటికి పోసిన గోడ కోసం విస్తరి ముందు కూర్చుని చూస్తూ ఉంటుంది. కొత్త ప్లాంట్లలో అరలు అరలుగా ఆవిరి గదులు ఉంటాయి. ఏ టేబుల్ వచ్చింది ఆ అరలోకి, దాని సమయం కాగానే బయటికి. బఫే అన్నమాట. మా అమ్మమ్మకు బఫే అంటే అసహ్యం, నాకూ పెళ్లిలో పంక్తే ఇష్టం. కానీ ఫ్యాక్టరీకి బఫేనే మంచిది.

ఇక్కడ ఒక చిన్న సూత్రం చెప్పాలి. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికన్ ప్రొఫెసర్ నిరూపించాడు. లోపల ఉన్నవాటి సంఖ్య = గంటకు వచ్చేవి × ఒక్కోటి లోపల ఉండే గంటలు. ఇంతే. మీ దగ్గర 40 టేబుళ్లు ఉన్నాయనుకోండి. మూడు షిఫ్టులూ నడుస్తున్నాయి. గంటకు నాలుగు గోడలు కావాలి. 40ని 4తో భాగిస్తే 10. అంటే ఒక టేబుల్ ఒక గోడ కోసం 10 గంటలకు మించి బందీ కాకూడదు. అందులో ఎనిమిది గంటలు క్యూరింగ్‌కే పోయాయి. మిగిలినవి రెండు గంటలు. శుభ్రం చేయడం, షట్టరింగ్, స్టీలు, పైపులు, కాంక్రీట్, పైన నున్నగా చేయడం, గోడను టేబుల్ మీంచి లేపడం, అన్నీ ఆ రెండు గంటల్లోనే. ఎక్కడైనా మొత్తం ఇంకో రెండు గంటలు ఊరికే ఆగిందా, పది కాస్తా పన్నెండు అవుతుంది. రోజుకు 96 గోడలు రావాల్సిన చోట 80 వస్తాయి. యంత్రం ఏదీ చెడిపోలేదు, మనిషి ఎవరూ సెలవు పెట్టలేదు. టేబుల్ ఆగింది, అంతే.

యజమానులకు ఈ లెక్క చూపిస్తే వెంటనే ఒక మాట అంటారు: "అయితే ఇంకో పది టేబుళ్లు కొందామా?" కొనొచ్చు. కానీ ఎక్కడ ఆగుతోందో తెలియకుండా కొంటే ఆగే చోట నిలబడే టేబుళ్లు పది పెరుగుతాయి.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఊరు, కంపెనీ పేర్లు అడగకండి. ఒక ప్లాంట్‌వాళ్లు రెండో బ్యాచింగ్ ప్లాంట్, అంటే కాంక్రీట్ కలిపే యూనిట్, కొనాలనుకుంటున్నారు. కాంక్రీట్ అందక లైన్ ఆగుతోందని వాళ్ల నమ్మకం. కొటేషన్ కూడా తెప్పించుకున్నారు. కొనే ముందు ఒకసారి సిమ్యులేషన్ చేసి చూడమన్నారు. నేను వెళ్లాను, సూపర్‌వైజర్లను కూర్చోబెట్టి ఏ పనికి ఎంతసేపు పడుతుందో అడిగాను. "షట్టరింగ్ 20 నిమిషాలండీ", "స్టీలు 15 అండీ". అన్నీ గుండ్రటి అంకెలు. శుభ్రంగా రాసుకుని, మోడల్ కట్టి, నడిపాను. నా కంప్యూటర్ ఫ్యాక్టరీ అసలు ఫ్యాక్టరీ కంటే చాలా ఎక్కువ గోడలు తీసింది!

నేను ఆ గ్రాఫులు చూపిస్తుంటే వెనక నిలబడ్డ ఫోర్‌మన్ ఒకాయన, శ్రీకాకుళం వైపు మనిషి, మెల్లగా అడిగాడు. "సార్, మీ కంప్యూటర్‌లో క్రేన్ ఆపరేటర్ టీ తాగడా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల చచ్చినంత పనైంది. ఆ రాత్రి మోడల్ విప్పి చూసుకుంటే టీ ఒక్కటే కాదు, నా క్రేన్ షెడ్డు ఈ చివర గోడను దించి, ఆ క్షణమే ఆ చివర ప్రత్యక్షమవుతోంది. నడిచే సమయం పెట్టడం మర్చిపోయాను. నారదుడి క్రేన్. ఇక షట్టరింగ్ 20 నిమిషాలు అన్నదీ మోసమే, చెప్పిన సూపర్‌వైజర్ కావాలని చేయలేదు. కిటికీ, తలుపు లేని గోడకు పన్నెండు నిమిషాలు చాలు, రెండు కిటికీలు, ఏసీ కన్నం ఉన్న గోడకు ముప్పై దాటుతుంది. ఆయన మనసులో రెండూ కలిసిపోయి 20 అయ్యాయి.

మళ్లీ కొలవాలి. స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడితే మనుషులు మామూలుగా పనిచేయరు, టెన్షన్‌తోనో పౌరుషంతోనో తొందరగా చేస్తారు. అప్పుడు ఒక నిధి దొరికింది. ఆ ప్లాంట్‌లో కాంక్రీట్ పోసే ముందు ప్రతి టేబుల్ ఫొటో తీసి క్వాలిటీవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాలనే రూలు ఉంది. పోశాక ఇంకో ఫొటో. గోడ లేపాక ఇంకోటి. ప్రతి ఫొటోకూ గంట, నిమిషం ఉంటాయి. గోడ నంబరు సుద్దతో రాసి ఉంటుంది. నెలల తరబడి డేటా, ఎవరూ డేటా అనుకోకుండా పోగేసింది! ఇద్దరు కుర్రాళ్లు వారం కూర్చుని ఎక్సెల్‌లోకి ఎక్కించారు. మీలో ఎవరికైనా ఇలాంటి ప్రాజెక్ట్ పడితే ముందు వాట్సాప్ గ్రూపులో చేర్చమని అడగండి.

ఈసారి మోడల్ అసలు ప్లాంట్‌కు దగ్గరగా వచ్చింది. ఏం కనపడిందంటే, మిక్సర్ రోజులో ఎక్కువసేపు ఖాళీగానే ఉంది. కాంక్రీట్ అందలేదని అందరికీ అనిపించడానికి కారణం వేరు. రాత్రి క్యూరింగ్‌లో పెట్టిన గోడలన్నీ తెల్లవారేసరికి ఒక్కసారిగా సిద్ధమవుతాయి. వాటిని లేపడానికి ఒకటే క్రేన్. సరిగ్గా అదే సమయానికి స్టీల్ జాలీలు టేబుళ్ల మీదకు దించాలి, దానికీ అదే క్రేన్. ట్రైలర్లకు గోడలు ఎక్కించడానికీ అదే. సిటీలో చాలా రోడ్ల మీద పగలు భారీ బండ్లను రానివ్వరు కదా, రాత్రి సైట్‌కు వెళ్లి ఖాళీ అయిన ట్రైలర్లు పొద్దున్నే తిరిగొచ్చి గేటు దగ్గర హారన్ కొడతాయి. డ్రైవర్ గోల భరించలేక ముందు వాళ్లకే ఎక్కిస్తారు. ఈలోగా టేబుళ్లు ఖాళీ కావు, ఖాళీ కానిదే పోత మొదలవదు. పదిన్నరకు అన్ని టేబుళ్లూ ఒకేసారి కాంక్రీట్ అడుగుతాయి. అప్పుడు మిక్సర్ చాలదు. అందరూ చూసేది పదిన్నర సీను. రోగం ఆరింటికి పుట్టింది.

సంక్రాంతికి విజయవాడ వెళ్లినవాళ్లకు పంతంగి టోల్ గేట్ తెలుసు. మామూలు రోజున అదే గేటు, అదే బూత్, రెండు నిమిషాల్లో దాటేస్తాం. పండగ ముందు రోజు కిలోమీటర్ల కొద్దీ బారు. బూత్ నెమ్మదించలేదు, వచ్చే బండ్లు ఒక్కసారిగా వచ్చాయి. క్యూల గణితంలో దీనికి ఒక సాదా లెక్క ఉంది. బండ్లు అడ్డదిడ్డంగా వస్తూ, ఒక్కో బండికి పట్టే సమయం కూడా అలాగే మారుతూ ఉంటే, బూత్ 80 శాతం సమయం బిజీగా ఉన్నప్పుడు సగటున 4 బండ్లు అక్కడ ఉంటాయి. 90 శాతం అయితే 9. 95 శాతం అయితే 19. చివరి ఐదు శాతం బిజీ పెరిగితే బారు రెట్టింపు దాటింది. అదే క్రేన్‌కూ వర్తిస్తుంది. క్రేన్ 95 శాతం పనిచేస్తోందని గొప్పగా చెప్పుకునే ప్లాంట్‌లో, దాని కోసం టేబుళ్లు వరసకట్టి నిలబడి ఉంటాయి. "లక్షలు పోసి కొన్న క్రేన్ ఖాళీగా ఉంటే నష్టం కదా" అంటారు. అంబులెన్స్ ఖాళీగా నిలబడి ఉంటే నష్టం అంటామా?

ఇక కంప్యూటర్‌లో ఒక్కొక్కటే మార్చి చూశాం. రెండో బ్యాచింగ్ ప్లాంట్ పెట్టాం, గోడల సంఖ్య దాదాపు కదల్లేదు. రెండో క్రేన్ పెట్టాం, బాగా పెరిగింది, కానీ షెడ్డు కాలమ్‌లు ఆ బరువు మోస్తాయా అనే ఇంకో ప్రశ్న లేచింది. మూడోది, పైసా ఖర్చు లేనిది చూశాం. ట్రైలర్ లోడింగ్‌ను మధ్యాహ్నానికి జరపడం, స్టీల్ జాలీలను ముందు రోజు సాయంత్రమే టేబుళ్ల పక్కన దించి పెట్టుకోవడం. దానికి తోడు పోసే వరస మార్చాం. కిటికీల గోడలన్నీ వరసగా రాకుండా ఒక కష్టమైన గోడ, రెండు తేలికైన గోడలు, మళ్లీ ఒక కష్టమైనది. మన ఆటలో బొరుసులు కాస్త ముందే తెలిసిపోయినట్టు.

ఈ మూడో దారితోనే రెండో క్రేన్‌తో వచ్చే లాభంలో చాలా భాగం వచ్చేసింది. అమలు చేశారు. ఉత్పత్తి పెరిగింది. ఎంత శాతం పెరిగిందో మాత్రం చెప్పను, దాచడానికి కాదు. అదే నెలలో కొత్త మేస్త్రీ ముఠా ఒకటి చేరింది, వాళ్లు గట్టివాళ్లు. పెరుగుదలలో వాళ్ల వాటా ఎంతో, మోడల్ వాటా ఎంతో విడదీయలేం. విడదీసి చూపించే కన్సల్టెంట్లు ఉన్నారు, నేను ఆ పని చేయలేను. బ్యాచింగ్ ప్లాంట్ కొటేషన్ మాత్రం ఫైల్లోనే ఉండిపోయింది.

ఇంత చెప్పాక యార్డ్ గురించి, అంటే తయారైన గోడలు నిల్వ ఉంచే చోటు గురించి, చెప్పకపోతే సగమే చెప్పినట్టు. ఇటుక ఏదైనా ఇటుకే, ఒకటి తక్కువైతే ఇంకోటి పెడతాం. ప్రీకాస్ట్ గోడకు పేరు ఉంటుంది. మూడో అంతస్తు, తూర్పు ఫ్లాట్, వంటింటి గోడ. ఆ ఒక్కటి రాకపోతే పక్కన వంద గోడలున్నా ఆ అంతస్తు ఆగిపోతుంది, టవర్ క్రేన్ అద్దె మాత్రం ఆగదు. గోడలను ర్యాకుల్లో నిలబెడతారు కాబట్టి తీయడం కొంత నయం. స్లాబులను ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. సైట్‌కు కావాల్సింది అడుగున ఉంటే పైవన్నీ దించాలి, బీరువాలో అడుగున ఉన్న పట్టుచీర తీసినట్టు. ఫ్యాక్టరీ మేనేజర్‌కు తేలికైన వరస ఏమిటి? ఒకే రకం గోడలు వరసగా పోసుకోవడం. షట్టరింగ్ మార్చనక్కర్లేదు, సంఖ్య గొప్పగా కనపడుతుంది. నెలాఖరు రిపోర్ట్‌లో ఆయన హీరో. యార్డ్ నిండా మూడు నెలల తర్వాత కావాల్సిన గోడలు, సైట్‌కు రేపు కావాల్సింది మాత్రం లేదు. అందుకని నా మోడల్ ఎప్పుడూ గేటు దగ్గర ఆగదు. సైట్‌లో అంతస్తు ఎన్ని రోజులకు లేస్తోంది, వాన పడితే ఎన్ని రోజులు ఎరెక్షన్, అంటే గోడలు నిలబెట్టి అతికే పని, ఆగుతోంది, ఇవన్నీ పెడతాను. రోజుకు ఎన్ని గోడలు పోశాం అన్న అంకెను నేను పెద్దగా పట్టించుకోను. ఎన్ని అంతస్తులకు పూర్తి సెట్లు వెళ్లాయో అడుగుతాను.

సరే, విద్యార్థుల కోసం లోపలి యంత్రాంగం కొంచెం. ఈ రకం సిమ్యులేషన్‌లో గడియారం సెకను సెకనూ నడవదు. "క్రేన్ గోడ దించింది", "క్యూరింగ్ ముగిసింది" లాంటి సంఘటనల జాబితా ఉంటుంది, గడియారం ఒక సంఘటన నుంచి ఇంకోదానికి దూకుతుంది. అందుకే నెల రోజుల ఫ్యాక్టరీ కొన్ని సెకన్లలో అయిపోతుంది. 1960లలో నార్వేలో ఇలాంటి పనుల కోసమే సిమ్యులా అనే భాష కనిపెట్టారు. కంప్యూటర్ సైన్స్ పిల్లలు జావాలో చదివే క్లాస్, ఆబ్జెక్ట్ అక్కడి నుంచి వచ్చినవే. నిర్మాణ రంగానికి దీన్ని తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది డేనియల్ హాల్పిన్. 1970లలో సైక్లోన్ అనే పద్ధతి తయారు చేశాడు. పని చేస్తున్నది ఒక గుర్తు, ఎదురుచూస్తున్నది ఇంకో గుర్తు, బాణాలతో కలపడం. లారీ, క్రేన్, టేబుల్, అన్నీ తిరిగి తిరిగి అదే చోటికి వస్తాయి కదా, దాన్ని పట్టుకున్నాడు. తర్వాత కెనడాలో అల్బర్టా యూనివర్సిటీవాళ్లు సింఫనీ అనే సాఫ్ట్‌వేర్‌తో ఈ పని చాలా ముందుకు తీసుకెళ్లారు.

రెండు జాగ్రత్తలు. మోడల్‌ను ఒక్కసారి నడిపి వచ్చిన అంకె పట్టుకుని పరుగెత్తకండి. వేర్వేరు నాణేలతో కనీసం ఇరవై, ముప్పై సార్లు నడిపి, ఎంత నుంచి ఎంత మధ్య ఊగుతోందో చెప్పండి. ఇంకోటి, కంప్యూటర్‌లో ఫ్యాక్టరీ ఖాళీగా మొదలవుతుంది, ఏ టేబుల్ మీదా గోడ ఉండదు. అసలు ఫ్యాక్టరీ అలా ఉండదు. ఆ మొదటి రోజుల లెక్క తీసేయాలి. ఇది మర్చిపోయిన రిపోర్ట్‌లు నేను చాలా చూశాను. ఒకటి రెండు నేనే రాశాను.

మన వాతావరణం సంగతి కూడా ఉంది. కాంక్రీట్ పోశాక పైభాగం నున్నగా చేయడానికి అది కాస్త బిగుసుకునేదాకా ఆగాలి. మే నెల మధ్యాహ్నం ఇక్కడ అది చకచకా అవుతుంది. డిసెంబరు తెల్లవారుజామున అదే మిక్స్ ఎంతకీ బిగుసుకోదు, మేస్త్రీ ట్రోవెల్ పట్టుకుని చలిలో నిలబడతాడు. మోడల్‌లో ఒకటే అంకె పెడితే ఎండాకాలంలో నిజం, చలికాలంలో అబద్ధం.

ఇక ప్రశ్నలు.

ప్రశ్న: సార్, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?

పైథాన్ వచ్చా? వస్తే సింపై అనే లైబ్రరీ ఉచితం, దానితో మొదలుపెట్టండి. కంపెనీల్లో అరీనా, ఎనీలాజిక్, ఫ్లెక్స్‌సిమ్ లాంటివి వాడతారు. వాటిలో త్రీడీ బొమ్మలు బాగుంటాయి, క్రేన్ తిరుగుతుంది, మనుషులు నడుస్తారు. ఎండీగారికి అది చూపిస్తే చాలా సంతోషిస్తారు. అదే ప్రమాదం. బొమ్మ కదులుతుంటే అంకెలు తప్పైనా నిజమనిపిస్తుంది. పోయిన నెల లెక్కతో మోడల్ సరిపోయేదాకా బొమ్మ వేయకండి.

ప్రశ్న: నేను ప్లాంట్‌లో సూపర్‌వైజర్‌ని. మాకు క్రేన్ సమస్య కాదండీ, డ్రాయింగ్‌లు మారుతూనే ఉంటాయి. షట్టరింగ్ బిగించాక ఫోన్ వస్తుంది, స్విచ్ బోర్డు అటు మార్చమని. దీన్ని కంప్యూటర్‌కు ఎలా చెబుతారు?

మంచి ప్రశ్న, మీ బాధ అర్థమవుతోంది. (నవ్వులు) దాన్ని యంత్రం చెడిపోవడం లాగే చూస్తాను. క్రేన్ ఎన్ని రోజులకోసారి చెడిపోతుంది, బాగుచేయడానికి ఎంతసేపు పడుతుంది అని ఎలా రాసుకుంటామో, డ్రాయింగ్ ఎన్ని గోడలకోసారి మారుతోంది, ఏ దశలో ఉండగా మారుతోంది, ఒక్కో మార్పుకు ఎంతసేపు పోతోంది అని అలాగే. పోయక ముందు మారితే నిమిషాలు, పోశాక మారితే కోసి కన్నం పెట్టాలి, లేదా గోడే పక్కన పెట్టేయాలి. మూడింటికీ మూడు రకాల నాణేలు. మీ దగ్గర డ్రాయింగ్‌ల మీద రివిజన్ నంబర్లు, తేదీలు ఉంటాయి కదా? వాటినీ పోత తేదీలనూ పక్కపక్కన పెట్టండి. ఆ జాబితా నాకు పంపితే నేను కూడా చూస్తాను. ఆర్కిటెక్ట్ గారి ముందు "మీరు మార్చేస్తున్నారు" అంటే గొడవ. "షట్టరింగ్ బిగించాక వచ్చిన మార్పుల వల్ల ఇన్ని టేబుల్ గంటలు పోయాయి" అని కాగితం పెడితే కనీసం కూర్చోబెట్టి మాట్లాడతారు.

ఇంకో ప్రశ్న ఉందా... లేదు, భోజనాలకు పిలుస్తున్నారు. బఫేనే అంటున్నారు కాబట్టి ఎవరి కోసం ఎవరూ ఆగక్కర్లేదు.